రాయిలో దొరికిన దవడ ఎవరిది?



తమిళనాడులో పెరంబలూరు, అరియలూరు, తురైయూరు ప్రాంతాల్లో తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ మాటలు వింటున్న వారిలో కూడా ఆ ఊళ్ల వారు ఉండే ఉంటారు. దుక్కి దున్నేటప్పుడో, బావి తవ్వించేటప్పుడో రాయిగా మారిన ఆల్చిప్పలు, నత్తగుల్లలు బయటపడటం అక్కడి వారికి కొత్త కాదు. పెరంబలూరు దగ్గర సాత్తనూరులో సుమారు 18 మీటర్ల పొడవున రాయిగా మారిపోయిన చెట్టు మాను పడి ఉంది. ఊళ్లోవాళ్లు దాన్ని కల్‌మరం అంటారు. 1940లో ఎం.ఎస్. కృష్ణన్ అనే భూగర్భ శాస్త్రవేత్త దాన్ని లోకం దృష్టికి తెచ్చారు. ఇవాళ సముద్రం అక్కడికి ఎంతో దూరం. ఒకప్పుడు మాత్రం కెరటాలు ఆ పొలాల మీదే కొట్టుకునేవి. అలా కొట్టుకున్న కాలం వందలూ వేలూ కాదు, ఆరేడు కోట్ల సంవత్సరాల నుంచి పది పదకొండు కోట్ల సంవత్సరాల కిందటి దాకా.

గవ్వ దొరికితే గవ్వ అని ఎవరైనా చెబుతారు. మరి దవడ ముక్క దొరికితే? దానికి రెండు మూడు పళ్లు అంటుకుని ఉంటే? అది చేపదా, మొసలిదా, లేక మనం ఎన్నడూ చూడని మరేదైనా జంతువుదా? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడంలో యూరప్‌లోని మహా పండితులే మూడు దశాబ్దాల పాటు తికమక పడ్డారు. ఆ కథ మీకు చెప్పాలని వచ్చాను. కథ జరిగింది హాలండు దేశపు మాస్ట్రిక్ట్ పట్టణంలో. ఎక్కడి అరియలూరు, ఎక్కడి మాస్ట్రిక్ట్ అనకండి. అరియలూరు పక్కన కల్లంకురిచ్చిలో సిమెంటు కోసం తవ్వే సున్నపురాయి ఏ కాలం నాటిదని భూగర్భ శాస్త్రజ్ఞులను అడిగితే, ‘మాస్ట్రిక్టియన్’ అని జవాబిస్తారు. సుమారు ఏడు కోట్ల ఇరవై లక్షల సంవత్సరాల నుంచి ఆరు కోట్ల అరవై లక్షల సంవత్సరాల కిందటి వరకు నడిచిన ఆ కాలానికి, ఆ ఊరి రాయిని బట్టే ఆ పేరు వచ్చింది. మన రాయికి, వాళ్ల రాయికి వయసు ఒకటే.

కథలోకి వెళ్లే ముందు ఒక్క పని చేయండి. మీ చేతిని మీ దవడ మీద పెట్టుకోండి. మన పళ్లు దవడ ఎముకలో విడివిడి గుంటల్లో దిగి ఉంటాయి. పన్ను పీకించుకున్న వారికి ఆ గుంట ఎంత లోతో నేను చెప్పనక్కర లేదు. మొసలి పళ్లూ అంతే, ఒక్కో పంటికి ఒక్కో గుంట. ఉడుముకూ, బల్లికీ అలా కాదు. వాటి పన్ను దవడ లోపలి అంచుకు అతుక్కుని ఉంటుంది, దానికి లోతైన గుంట లేదు. సొరచేపది మరో తీరు. దాని పన్ను ఎముకలో దిగదు, చిగుళ్లలోనే నిలబడి, వరస వెంట వరసగా రాలిపోతూ ఉంటుంది. పైగా దాని దవడ గట్టి ఎముక కాదు, మన చెవి డొప్పలాగా మెత్తని మృదులాస్థి. అందుకే రాళ్లలో సొర పళ్లు కుప్పలుగా దొరుకుతాయి, దవడ మాత్రం అరుదు. పళ్లతో పాటు గట్టి ఎముక దవడ కనిపించిందంటే అది సొర కాదని ముందే తీసేయవచ్చు. ఈ నాలుగు సంగతులు గుర్తు పెట్టుకుంటే మాస్ట్రిక్ట్ వ్యవహారమంతా మీకే అర్థమవుతుంది.

మాస్ట్రిక్ట్ ఊరి పక్కన సెయింట్ పీటర్ కొండ అని ఒక గుట్ట ఉంది. మెత్తటి పసుపు పచ్చని సున్నపురాయి. ఇళ్ల కోసం శతాబ్దాల తరబడి ఆ రాయిని కోసుకుపోవడంతో గుట్ట లోపలంతా సొరంగాలే. 1766 ప్రాంతంలో అక్కడ దొరికిన పెద్ద పుర్రె ముక్కలను ద్రువాఁ అనే సైనికాధికారి సేకరించాడు. 1784లో అవి హార్లెమ్ పట్టణంలోని టేలర్ మ్యూజియంకు అమ్ముడుపోయాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఆ తరువాత కొన్నేళ్లకు అదే గుట్టలో, ఈసారి మరింత నిండైన పుర్రె బయటపడింది. రాతి దిమ్మలో దవడలు, ఒక్కోటి సుమారు నాలుగు అడుగుల పొడవు, వాటి నిండా బాణపు మొనల్లాంటి పళ్లు. సొరంగంలో దీపాలు పట్టుకుని కూలీలు దాన్ని తీస్తున్న దృశ్యాన్ని తరువాత ఒక పుస్తకంలో బొమ్మగా చెక్కి అచ్చేశారు. ఎందరో చూసిన బొమ్మ అది.

ఆ ఊళ్లో హాఫ్మన్ అని సైన్యంలో పనిచేసిన శస్త్రవైద్యుడు ఉండేవాడు. కొండలో దొరికే ఎముకలను ఓపికగా పోగుచేసేవాడు. ఈ జంతువు మొసలి అని అతని నమ్మకం. పుర్రె దొరికిన చోటికి పైన భూమి మాత్రం గోడింగ్ అనే చర్చి గురువుది, అందువల్ల పుర్రె ఆయన ఇంటికి చేరింది. హాఫ్మన్ దగ్గరి నుంచి గోడింగ్ కోర్టుకెక్కి లాక్కున్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి ఆధారం దొరకలేదని ఈ మధ్యకాలపు చరిత్రకారులు అంటారు. ఆ కథ రాసిన పెద్దమనిషి ఎవరో, అతనికి అది ఎందుకు అవసరమైందో కాసేపట్లో చెబుతాను.

హాఫ్మన్ తన దగ్గరి ముక్కల గురించి పెట్రుస్ కాంపర్‌కు ఉత్తరాలు రాశాడు. కాంపర్ అంటే ఆ రోజుల్లో శరీర నిర్మాణ శాస్త్రంలో యూరప్ అంతా గౌరవించే పేరు. ఆయన 1786లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో తన తీర్పు ప్రకటించాడు. మొసలి కాదు, తిమింగిలం అన్నాడు. తీర్పు తప్పే అయినా, దారి పూర్తిగా తప్పు కాదు. మొసలి పన్ను లోపల డొల్ల, దాని డొల్లలోంచే కొత్త పన్ను పైకి వస్తుంది. మాస్ట్రిక్ట్ పన్ను మొదలు గట్టిగా నిండి ఉంది. కాబట్టి మొసలి కాదన్నాడు, అంతవరకు సరే. పైగా ఆ రాయి నిండా సముద్రపు గవ్వలే, నదిలో ఉండే మొసలికి అక్కడేం పని అన్నాడు. అదీ మంచి ప్రశ్నే. మొసలి కాకపోతే, సముద్రంలో ఉండే అంత పెద్ద పళ్ల జంతువు ఏది? ఆయనకు తెలిసిన జాబితాలో మిగిలింది తిమింగిలం ఒక్కటే. ఆ జాబితాలో లేని జంతువు ఒకటి ఉండి ఉండవచ్చన్న ఊహే ఆయనకు రాలేదు. టేలర్ మ్యూజియం పుర్రెను 1790లో వర్ణించిన వాన్ మారుమ్ కూడా దాదాపు ఆ దారినే నడిచాడు.

నాలుగేళ్లు తిరిగేసరికి యుద్ధం వచ్చింది. 1794 నవంబరులో ఫ్రెంచి విప్లవ సైన్యం మాస్ట్రిక్ట్‌ను పట్టుకుంది. ఆ వెంటనే ఫోజా ద సాఁ ఫోఁ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఫ్రెంచి ప్రభుత్వం తరఫున అక్కడికి చేరాడు. ఫోజా తరువాత రాసిన కథ ప్రకారం, సైన్యం ఫిరంగులు ఆ గురువుగారి ఇంటి వైపు పేల్చకుండా జాగ్రత్తపడ్డాయి. గురువు పుర్రెను ఎక్కడో దాచాడు. దాన్ని చెక్కు చెదరకుండా తెచ్చిన వారికి ఆరువందల సీసాల ద్రాక్షసారాయి బహుమానమని చాటింపు వేశారు. మర్నాడే పన్నెండుమంది సైనికులు దాన్ని భుజాల మీద మోసుకొచ్చారు. కథ రసవత్తరంగానే ఉంది. అయితే ఆరువందల సీసాల మాట అచ్చంగా జరిగిందా అని చరిత్రకారులకు అనుమానం. దొంగ సొత్తును ఇంటికి తెచ్చుకున్నవాడు అసలు యజమానే దాన్ని ఇంకొకరి దగ్గర కాజేశాడని చెప్పుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది కదా! ఇందాక నేను చెబుతానన్న పెద్దమనిషి ఇతనే. పుర్రె మాత్రం నిజంగానే పారిస్ చేరింది. ఇవాళ్టికీ పారిస్ జాతీయ సహజచరిత్ర మ్యూజియంలోనే ఉంది.

ఫోజా 1799లో ఆ కొండ గురించి పెద్ద పుస్తకం వెలువరించాడు. ఇంతా చేసి ఆయన తీర్పు ఏమిటి? మొసలి. పెట్రుస్ కాంపర్ చెప్పిన గట్టి పన్ను, డొల్ల పన్ను సంగతిని ఆయన పక్కకు నెట్టేశాడు. బొమ్మలు బాగుంటాయి, వాదం మాత్రం బలహీనం.

ఇక్కడ కథలోకి కొడుకు వస్తాడు. పెట్రుస్ కాంపర్ 1789లో పోయాడు. ఆయన సేకరించిన ఎముకలన్నీ కొడుకు అడ్రియాన్ కాంపర్‌కు దక్కాయి. తండ్రి తీర్పును నిలబెట్టడం కొడుకుకు సహజమైన కోరిక. మన ఇళ్లలోనూ నాన్నగారు చెప్పిన మాటకు ఎదురు చెప్పడమంటే అంత తేలిక కాదు. అడ్రియాన్ ఆ ముక్కలను మళ్లీ ముందు వేసుకుని ఒక్కొక్కటే చూశాడు. చూసిన కొద్దీ తిమింగిలం దూరమైపోయింది. తిమింగిలం కింది దవడ ఒక్కో వైపు ఒక్కటే ఎముక, మనకూ అంతే. పాకే జంతువుల దవడ అలా కాదు, ఒక్కో వైపు అయిదారు ఎముకలు అతుకులుగా కూడి ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైన ఆధారం నోటి పైకప్పులో ఉంది. ఈ జంతువుకు అంగిట్లో కూడా పళ్లున్నాయి! గొంతు దగ్గర, అంగిలి ఎముకల మీద, చిన్న చిన్న పళ్ల వరస. మొసలికి అంగిట్లో పళ్లు లేవు. తిమింగిలానికీ లేవు. కొన్ని జాతుల బల్లులకు ఉన్నాయి, పాములకు ఉన్నాయి. పట్టిన ఎరను లోపలికి జరుపుకోవడానికి, జారిపోకుండా అదిమి పట్టడానికి అవి పనికొస్తాయి.

1800లో అచ్చయిన ఒక ఉత్తరంలో అడ్రియాన్ తన అభిప్రాయం చెప్పాడు. ఇది ఉడుము వంశానికి దగ్గరి బల్లి. సముద్రంలో బతికిన బల్లి. ఉత్తరం రాసింది పారిస్‌లోని జార్జ్ కువియేకి. అప్పటికి కువియే ముప్పై ఏళ్ల యువకుడు. ఎముకను బట్టి జంతువును చెప్పడంలో అతన్ని మించినవాడు లేడని అప్పుడే పేరు. ఆ పుర్రె ఉన్నది కూడా అతని మ్యూజియంలోనే. కువియే తొందరపడలేదు. మొసళ్ల దవడలు, ఉడుముల దవడలు పక్కన పెట్టుకుని పన్ను పన్నూ పోల్చాడు. పాత పన్ను మొదలు దవడ ఎముకతో ఎలా గట్టిపడి కలిసిపోయిందో, కొత్త పన్ను దాని డొల్లలోంచి కాక లోపలి పక్కన మొలిచి పాతదాన్ని ఎలా తోసేస్తుందో వివరించాడు. 1808లో ప్రకటించిన తన వ్యాసంలో తండ్రిది తప్పు, కొడుకుదే ఒప్పు అని తేల్చాడు.

ఉడుమును మనం ఎరుగుదుం. రాతి సందులో ఇరుక్కుని పట్టుకుంటే ఊడిరాదనే కదా ఉడుంపట్టు అంటాం. బాగా పెద్ద ఉడుమంటే తోకతో కలిపి మన ఎత్తున ఉంటుందేమో. ఈ సముద్రపు చుట్టానిది దవడే నాలుగడుగులు. ఇవాళ్టి అంచనాల్లో ఆ జాతి పెద్ద జంతువులు పది మీటర్లు దాటి పెరిగేవి. కాళ్ల బదులు తెడ్లు, తోక చివర చేప రెక్కలాంటి నిర్మాణం. 1822లో కానిబేర్ అనే ఇంగ్లీషు మతగురువు దానికి ‘మోసాసారస్’ అని పేరు పెట్టాడు. మాస్ట్రిక్ట్ పక్కన పారే మ్యూజ్ నదికి లాటిన్‌లో మోసా అని పేరు, సారస్ అంటే బల్లి. 1829లో మాంటెల్ అనే వైద్యుడు హాఫ్మన్ పేరు కూడా దానికి జోడించాడు. మొసలి అని పొరబడినా, మొదట ఆ ఎముకలను జాగ్రత్తగా పోగుచేసిన మనిషికి అలా పేరు దక్కింది. నాకైతే అది న్యాయమే అనిపిస్తుంది.

ఇదంతా పండితుల తగువులే కదా, ఏ జంతువైతే మనకేమిటి అనుకునేవారు ఆ రోజుల్లోనూ ఉన్నారు. అసలు కీలకం ఇక్కడే ఉంది. దేవుడు సృష్టించిన ఏ జాతీ పూర్తిగా అంతరించిపోదని అప్పటి చదువుకున్నవారిలో చాలామంది నమ్మేవారు. ఎముకలు దొరికినా, ఆ జంతువు ఏ మారుమూల అడవిలోనో, ఏ సముద్రపు లోతులోనో బతికే ఉంటుందనేవారు. దవడ మొసలిదే అయితే, తిమింగిలానిదే అయితే, అలా అనుకోవడానికి వీలుంది. మొసళ్లూ ఉన్నాయి, తిమింగిలాలూ ఉన్నాయి. సముద్రంలో నాలుగడుగుల దవడ ఉన్న ఉడుము మాత్రం ఎక్కడా లేదు. ఊపిరి కోసం నీటి పైకి రావలసిన అంత పెద్ద జంతువు ఇన్ని ఓడల కంట పడకుండా ఉండదు. ఏనుగుల శిలాజాల మీద 1796లోనే కువియే మొదలుపెట్టిన వాదానికి ఈ దవడ మరో బలమైన సాక్ష్యం అయింది. జాతులు పుట్టి, బతికి, పూర్తిగా పోతాయన్న మాట ఇవాళ బడిపిల్లలకు కూడా తెలుసు. అది లోకానికి నచ్చజెప్పిన కొద్ది సాక్ష్యాలలో ఈ దవడ ఒకటి.

కువియే చూపిన దారి ఉన్నా తరువాతి వారు తప్పులు చేయకపోలేదు. అమెరికాలో మిస్సౌరీ నది ఒడ్డున దొరికిన మూతి ముక్క ఒకటి ఫిలడెల్ఫియాలో హార్లన్ అనే వైద్యుడి చేతికి వచ్చింది. 1834లో ఆయన దాన్ని ఇక్తియోసారస్ అని ప్రకటించాడు. ఇక్తియోసారస్ అంటే చేప ఆకారంలో ఉండే మరో సముద్ర సరీసృపం. అదే నది ప్రాంతం నుంచి దొరికిన అస్థిపంజరం సెయింట్ లూయీ నగరంలో ఒక అధికారి తోటకు చేరింది. ఆ దారిన పోతున్న జర్మనీ రాకుమారుడు మాక్సిమిలియన్ దాన్ని సంపాదించి స్వదేశానికి పంపాడు. 1845లో బాన్ నగరంలో గోల్డ్‌ఫస్ అనే ఆచార్యుడు ఆ పుర్రెను వర్ణించి మోసాసారస్ అన్నాడు. పుర్రె అంతా చక్కగా ఉంది, మూతి కొన మాత్రం లేదు. శ్రోతలు ఈపాటికి ఊహించే ఉంటారు. ఆ లేని మూతి కొనే హార్లన్ చూసిన ముక్క! అనుమానం చాలా కాలంగా ఉన్నా, హార్లన్ ముక్క ఎక్కడో పోయిందనుకున్నారు. చివరికి అది పారిస్‌లో బయటపడింది. 2005లో ఇద్దరు శాస్త్రవేత్తలు రెంటినీ పోల్చి, రెండూ ఒకే జంతువువని తేల్చారు. ఒకే తల, ముక్కు పారిస్‌లో, మిగతా ముఖం బాన్‌లో. ముక్క చిన్నదైన కొద్దీ పేరు పెట్టడంలో జాగ్రత్త పెరగాలని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇక్తియోసారస్ పేరు ఎత్తాం కాబట్టి దాని పన్ను సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అది మన దేశపు రాళ్లలోనూ ఉంది. ఇంగ్లండు దక్షిణ తీరంలో లైమ్ రీజిస్ ఊళ్లో ఆనింగ్ అనే పేద వడ్రంగి కుటుంబం ఉండేది. 1811లో అన్న జోసెఫ్‌కు సముద్రపు గట్టులో పొడుగు మూతి పుర్రె కనబడింది. మరుసటి ఏడాది పన్నెండు పదమూడేళ్ల చెల్లెలు మేరీ మిగతా అస్థిపంజరాన్ని వెతికి పట్టుకుంది. మొదట అందరూ మొసలి అనే అనుకున్నారు, పొడుగు మూతి ఎక్కడ కనిపించినా మొసలి అనడం అప్పటి అలవాటు. మొసలి పళ్లలా విడివిడి గుంటల్లో కాక, ఈ జంతువు పళ్లు చాలా వరకు దవడ పొడవునా ఉన్న ఒకే పొడవాటి గాడిలో వరసగా కూర్చుని ఉంటాయి. పంటి మొదలు మీద నిలువుగా మడతలు, గీతలు. ఈ గుర్తులు ఎంత నమ్మకమైనవంటే, 1822 నాటికే కానిబేర్, ఆయన మిత్రుడు డి లా బీష్ కలిసి పళ్ల ఆకారాన్ని ముఖ్యంగా ఆధారం చేసుకుని నాలుగు రకాల ఇక్తియోసారస్‌లను వేరు చేశారు.

ఇప్పుడు మన పొలాలకు తిరిగి వద్దాం. 1840లలో కే, కన్లిఫ్ అనే ఇద్దరు ఇంగ్లీషు వారు పుదుచ్చేరి, తిరుచ్చి ప్రాంతాల్లో శిలాజాలు పోగుచేసి లండన్ పంపారు. వాటిలోని చేప పళ్లను 1845లో ఎగర్టన్ అనే పండితుడు వర్ణించాడు. తరువాత భూగర్భ సర్వే శాఖ వాళ్లు ఆ నేలంతా కొలిచి, పాత పొరలకు ఊటత్తూరు గ్రామం పేరు పెట్టారు. ఆ ఊటత్తూరు పొరల్లో దొరికిన కొన్ని వెన్నుపూసలను చూసి లైడెకర్ అనే శాస్త్రజ్ఞుడు 1879లో ‘ఇక్తియోసారస్ ఇండికస్’ అని పేరు పెట్టాడు. భారతదేశపు ఇక్తియోసారస్ అన్నమాట. బిళ్లల్లా ఉండే ఆ పూసలు ఇక్తియోసారస్ జాతివేనని చెప్పడానికి చాలు. అందులో ఏ రకమో చెప్పడానికి మాత్రం చాలవు. అందుకే ఇవాళ్టి పరిశోధకులు ఆ పేరును సందేహాస్పదమైన పేర్ల పట్టీలో ఉంచారు. ఆ పూసలతో పాటు పళ్లున్న దవడ కూడా దొరికి ఉంటే మాట వేరేగా ఉండేది.

అలాంటి అదృష్టం కచ్ ప్రాంతానికి పట్టింది. గుజరాత్‌లో లోడాయి అనే ఊరి దగ్గర దాదాపు నిండైన ఇక్తియోసారస్ అస్థిపంజరం దొరికింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యులు గుంటుపల్లి ప్రసాద్, ఆయన సహచరులు 2017లో దాన్ని ప్రకటించారు. ఇంటిపేరు వినగానే మన శ్రోతలు చెవులు రిక్కించి ఉంటారు! వయసు పదిహేను కోట్ల సంవత్సరాల పైమాట, పొడవు అయిదున్నర మీటర్ల వరకు ఉంటుందని అంచనా. అక్కడ కూడా పళ్లే మాట్లాడాయి. పళ్ల కొనలు బాగా అరిగిపోయి ఉన్నాయి. మెత్తని ఆహారం తిన్న నోరు కాదది, గట్టి పెంకుల ప్రాణులను, గట్టి పొలుసుల చేపలను కొరికిన నోరు అని వారు ఊహించారు.

ఇంతవరకు చెప్పినవి పొరపాట్లు. ఇకమీదటిది మోసం. ఈ రోజుల్లో మోసాసారస్ పళ్లు ప్రపంచమంతటా అంగళ్లలో అమ్ముతున్నారు. వాటిలో ఎక్కువ భాగం ఉత్తర ఆఫ్రికాలోని మొరాకో దేశపు ఫాస్ఫేటు గనుల నుంచి వచ్చేవే. విడి పన్నుకు వచ్చే ధర ఒకటి, పళ్లున్న దవడకు వచ్చే ధర మరొకటి. అందుకని విడి పళ్లను, ఎముక ముక్కలను ఇసుక, జిగురు కలిపి అతికించి దవడలు తయారు చేసేవాళ్లు పుట్టుకొచ్చారు. శాస్త్రజ్ఞులూ ఈ చిక్కుకు అతీతులు కారు. 2021లో మొరాకో దవడ ఒకదాన్ని చూసి, సొర పళ్లలాంటి బల్లకట్టు పళ్లు రంపంలా ఒత్తుగా పేర్చినట్లున్న కొత్త మోసాసారస్ చుట్టమని ‘జెనోడెన్స్’ అన్న పేరు పెట్టారు. 2024 డిసెంబరులో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు దానికి అభ్యంతరం లేవదీశారు. ఈ వంశంలో ఒక్కో పంటికి ఒక్కో గూడు ఉంటుంది, ఎందుకంటే ఆ గూడును కట్టేది ఆ పంటి మొదలే. ఈ దవడలో మాత్రం ఒకే గూటిలో రెండు పళ్లు ఉన్నట్లున్నాయి, పైగా జిగురులాంటి పదార్థం కనిపిస్తోంది అన్నారు. నకిలీ అని తీర్పు ఇచ్చేయలేదు. స్కాన్ తీసి లోపల చూడండి అన్నారు. పెట్రుస్ కాంపర్ నుంచి ఇప్పటి వరకు వాదమంతా పంటి మొదలు దగ్గరే తిరుగుతోంది, గమనించండి.

ఇక మీ పొలంలోనో, క్వారీ గట్టు మీదో పన్నులాంటి రాయి కనిపించిందనుకోండి. చదునుగా, మూడు మూలలుగా ఉండి, కింద రెండు కాళ్లలా చీలిన మొదలు ఉంటే అది చాలావరకు సొర పన్నే. సన్నగా, గుండ్రంగా, కొద్దిగా వంపు తిరిగి, పైనుంచి కిందికి సన్నని గీతలుంటే పొడుగు మెడ ప్లీసియోసారస్‌ను తలుచుకోవచ్చు. దాని పళ్లు విడి గుంటల్లో ఉంటాయి. బలమైన పన్ను, ముందూ వెనకా రెండు పదునైన అంచులు, బయటి ముఖం చదును, లోపలి ముఖం ఉబ్బెత్తు, కింద ఉబ్బిన ఎముక దిమ్మ ఉంటే మోసాసారస్ అనుకోవాలి. అన్ని మోసాసారస్‌లకూ వాడి పళ్లే ఉండవు, గవ్వలు పగలగొట్టి తిన్న గ్లోబిడెన్స్ పళ్లు పుట్టగొడుగుల తలల్లా ఉంటాయి. మొదట్లో మడతలుంటే ఇక్తియోసారస్. అయితే అది పాత పొరల్లోనే వెతకాలి. ఆ వంశం సుమారు తొమ్మిది కోట్ల నలభై లక్షల సంవత్సరాల కిందటే అంతరించింది. కాబట్టి ఊటత్తూరు, కారై వైపు పొరల్లో ఉంటుంది గాని, కల్లంకురిచ్చి సున్నపురాయిలో ఉండదు.

చూశారా, పన్ను ఎవరిదో చెప్పాలంటే అది ఏ పొరలో దొరికిందో తెలియాలి. అందుకని దాన్ని వెంటనే పీకకండి. ఆమ్లంతో కడగకండి, వార్నిషు పూయకండి. ఉన్నచోటే ఉంచి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయండి. పొలం పేరు, బావిలో అయితే ఎన్ని అడుగుల లోతో, రాయి రంగు ఏమిటో ఒక కాగితం మీద రాసుకోండి. విరిగిన ముక్కలుంటే, ఎంత చిన్నవైనా, అన్నీ ఒకే గుడ్డలో మూటగట్టండి. హార్లన్ మూతి ముక్క సంగతి మరిచిపోకండి. తరువాత దగ్గర్లోని కాలేజీలో భూగర్భ శాస్త్రం చెప్పే వారికి గాని, భూగర్భ సర్వే శాఖ వారికి గాని కబురు చేయండి. ఆ శాఖ దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాదులోనే ఉంది, తెలుగులో ఉత్తరం రాసినా చదువుకుంటారు.

అరియలూరు దగ్గర వారణవాసిలో శిలాజాల మ్యూజియం ఒకటి ఉంది. ఆ వైపు వెళ్లినప్పుడు పిల్లలను తీసుకెళ్లి చూపించండి. పన్ను కనిపిస్తే మొదలు చూడమని చెప్పండి.